పై అంతస్తు గాలి, కింది అంతస్తు పొగ

ఆఫీసులో ఆవిడని అందరూ మెట్లావిడ అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో ఎవరికీ తెలియదు గానీ, ఎందుకు పెట్టాడో మాత్రం వచ్చేపోయే ప్రతివాడి మోకాలికీ తెలుసు. వాతావరణ కేంద్రంలో మొదటి అంతస్తు నుంచి రెండో అంతస్తుకు మెట్లు మలుపు తిరిగే చోట, కిటికీ కింద, ఆవిడ బల్ల ఉంటుంది. పైకి ఎక్కేవాళ్ళు ఆవిడ కుర్చీకి తగులుకుని ఎక్కుతారు. కిందికి దిగేవాళ్ళు ఆవిడ టీ కప్పును తప్పించుకుని దిగుతారు. పన్నెండేళ్ళుగా ఇదే వరస.

అక్కడికి ఎలా చేరిందంటే, అదో తమాషా. ఆవిడ చదివింది రసాయనశాస్త్రం. ఉద్యోగపు కాగితంలో మాత్రం రెండో అంతస్తు అని పడింది. రెండో అంతస్తంతా వాతావరణం వాళ్ళది: గాలి, ఎండ, వాన, మంచు. రసాయనాలవాళ్ళ చోటు కింద అని వాళ్ళు దింపేశారు. మొదటి అంతస్తులో గాలిలోని పొగనీ దుమ్మునీ వాయువులనీ లెక్కగట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళేమో కాగితం తిప్పి చూసి, ఇందులో పై అంతస్తు అనుందిగా అని ఎక్కించేశారు. సంగతి తేలేదాకా తాత్కాలికంగా మెట్ల మధ్య బల్ల వేశారు. ఆఫీసుల్లో తాత్కాలికం అన్నవాటికి ఆయుష్షు గట్టిది.

ఇంకొకరైతే మొహం మాడ్చుకునేవారు. ఈవిడ మాత్రం రెండు అంతస్తుల కబుర్లూ ఒకేచోట వినబడుతున్నాయని సంబరపడింది. చెవులు పెద్దవి, నోరు అంతకన్నా పెద్దది, నవ్వు ఆ రెంటినీ మించినది. మెట్ల మీద ఆవిడ నవ్వితే రెండు అంతస్తుల్లోనూ ఫోన్లో మాట్లాడేవాళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవారు.

అప్పట్లో పని ఎలా జరిగేదంటే, పైవాళ్ళ ప్రోగ్రాం ఆకాశాన్ని గళ్ళు గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో రేపు ఎంత వేడి, ఎంత తేమ, ఎటువైపు గాలి అని లెక్క తేల్చేది. ఆ లెక్కంతా పూర్తయ్యాక కిందికి పంపేవారు. కిందివాళ్ళ ప్రోగ్రాం ఆ గాలిలో పొగ ఎటు పోతుందో, ఎండ తగిలి ఏ వాయువు ఏమవుతుందో చెప్పేది. కింది లెక్క పైకి ఎప్పుడూ వెళ్ళేది కాదు. పైవాళ్ళు చెప్పాలి, కిందివాళ్ళు వినాలి. అదో ఏకపక్షపు కాపురం.

చలికాలం పొద్దుటిపూట ఈ కాపురం రచ్చకెక్కేది. మంచు ఎనిమిదింటికల్లా విడిపోతుందన్నాం, పదైనా కదలదేమని పైనుంచి గొణుగుడు. గాలి లేస్తుందన్నారు, లేవలేదు, పొగంతా మా నెత్తినే కూర్చుందని కిందినుంచి గొణుగుడు. మధ్యలో టీ తాగుతూ కూర్చున్న మెట్లావిడకి ఒకరోజు ఉన్నట్టుండి వెలిగింది, ఇద్దరూ తిడుతున్నది ఒకదాన్నేనని. పొగ ఎండకి అడ్డం పడుతుంది. ఎండ తగలకపోతే నేల వేడెక్కదు. నేల వేడెక్కకపోతే మంచు విడదు, గాలి లేవదు. గాలి లేవకపోతే పొగ కదలదు. అలాంటప్పుడు ఈ రెండు ప్రోగ్రాములూ రోజుకోసారి ఉత్తరం రాసుకుంటే ఏం లాభం? పది నిమిషాలకోసారి కూర్చుని మాట్లాడుకోవాలి కదా?

ఆ రెంటినీ మాట్లాడించడానికి ఆవిడకి ఆరేళ్ళు పట్టింది.

మొదటిసారి కలిపి నడిపిన రోజు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. వీధుల్లో గాలి కొండశిఖరం మీదకన్నా శుభ్రంగా ఉంటుందనీ, ఊళ్ళో బస్సులూ లారీలూ వదిలే పొగంతా ఆకాశం చిట్టచివరి పొరలో చేరుతుందనీ జవాబొచ్చింది. విచారిస్తే తేలిందేమిటంటే, పైవాళ్ళు గాలి పొరలను ఆకాశం నుంచి కిందికి లెక్కపెడతారట, కిందివాళ్ళు నేల నుంచి పైకి లెక్కపెడతారట. ఒకరి ఒకటో పొర ఇంకొకరికి ఆఖరిది. రోజూ లెక్క కిందికి పంపేటప్పుడు ఒక పాత ప్రోగ్రాం ఆ వరస తిప్పేసేది గనక, ఇన్నేళ్ళూ ఎవరూ ఎవరినీ అడగలేదు. రెండో అంతస్తు పెద్ద, అందరూ మబ్బుల బాబాయ్ అని పిలిచే ఆయన, పనిగట్టుకుని మెట్లు దిగొచ్చి, "నీ జంట మొదటిరోజే తలకిందులైందమ్మా" అన్నాడు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వింది ఆవిడే.

ఆఫీసులో ఎవరేమన్నా ఆవిడకి దులిపేసుకోవడం తెలుసు. ఇంట్లో ఒక చిన్న విషయం మాత్రం గుచ్చుకునేది.

ఇంటి కింద భాగంలో ఆవిడ భర్తకి లాండ్రీ ఉంది. డాబా మీద పాతిక దండేలు. ఎక్కువగా వచ్చేవి హోటలు దుప్పట్లు, తెల్లవి. తడి దుప్పటి మంచులో ఆరేస్తే ఆరదు సరికదా, మసి పట్టుకుంటుంది, మళ్ళీ ఉతకాలి. అందుకని ఆయన రోజూ పొద్దున్నే అడిగేవాడు, ఆరేయనా అని. ఈవిడ ఆఫీసు లెక్క చూసి, తొమ్మిదికి విడిపోయే అవకాశం డెబ్బై శాతం అని చెప్పేది. ఆయన బుద్ధిగా తలూపి, గుమ్మం దాటి, తలెత్తి ఆకాశంకేసి చూసేవాడు. చూసి, తనకి తోచింది చేసేవాడు. భార్య చదువుని తక్కువ చేద్దామని కాదు, ఆయన తండ్రి కూడా అలాగే చూసేవాడు. అయినా ఆ తల లేచినప్పుడల్లా ఆవిడకి చురుక్కుమనేది. నిజానికి ఆఫీసు మాట నమ్మి రెండు మూడుసార్లు గంపెడేసి దుప్పట్లు మళ్ళీ ఉతికిన మనిషి, ఒక్కమాట అనలేదు. అనాల్సినవన్నీ అత్తగారే అనేది.

"మీ ఆఫీసు కంటే నా మోకాళ్ళు నయమే అమ్మాయ్" అనేది.

ఆ చలికాలం కేంద్రం పెద్దాయన ఒక పందెం లాంటి పరీక్ష పెట్టాడు. నాలుగు వారాలు పాత పద్ధతినీ, మెట్లావిడ కలిపిన జంటనీ పక్కపక్కన నడపాలి. మర్నాడు మంచు ఎన్నింటికి విడుతుందో రెండూ చెప్పాలి. ఎవరిది దగ్గరగా ఉంటే ఆ రోజు వాళ్ళది. గాలి వీచి అసలు మంచే పట్టని రోజు ఎవరిదీ కాదు. చివరికి జంటకి ఎక్కువ రోజులొస్తే అదే ఊరికి చెప్పే సూచన అవుతుంది. లేకపోతే రెంటినీ విడదీసేసి, కంప్యూటర్ని వేరే పనికి ఇచ్చేసి, ఆవిణ్ణి పాత కాగితాల గదికి పంపుతారు. ఆరేళ్ళ కష్టం గంగపాలు. న్యాయం చెప్పడానికి పక్క భవనం నుంచి ఒకావిణ్ణి పిలిపించారు. ఆవిణ్ణి తూకం మేడమ్ అంటారు. కన్నతల్లి వచ్చి నిలబడినా అరనిమిషం కలపని మనిషి. నవ్వగా చూసినవాళ్ళు లేరు.

మొదటి సోమవారం జంట గెలిచింది. మెట్లావిడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. మంగళవారం బోర్లాపడింది. దట్టమైన పొగ, పదకొండుదాకా మంచు అని జంట చెబితే, ఎనిమిదింటికే ఊరు తళతళలాడింది. ఆదివారం దానికి తలకిందులు. గాలి శుభ్రం, మంచు తొందరగా విడుతుందని చెబితే పదకొండైనా ఎదురింటి గోడ కనబడలేదు. సరే, మొదటివారం కదా అనుకుంది. రెండో వారం మంగళవారం ఓడింది, ఆదివారం ఓడింది. మూడో వారమూ అంతే. నాలుగో సోమవారానికి లెక్క చూస్తే జంటకి ఆరు, పాతదానికి ఎనిమిది. "మావాడు బుద్ధిమంతుడు, మీ పిల్ల వచ్చి చెడగొట్టింది" అని మబ్బుల బాబాయ్ మెట్ల మీదినుంచి మేలమాడాడు.

ఆ మూడో వారమంతా ఆవిడ ప్రోగ్రాంలో ప్రతి వరసా తిరగేసింది. సూర్యుడి కోణం సరిచూసింది. గ్రాములు ఎక్కడైనా కిలోలయ్యాయేమో చూసింది. పొరలు మళ్ళీ తలకిందులయ్యాయేమో చూసింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. తప్పున్నా బాగుండేది, దిద్దుకునేది. తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగో సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి, లోపలికి కూడా వెళ్ళకుండా లాండ్రీలోనే ఒక బట్టల మూట మీద చతికిలబడింది. భర్త నీలం యూనిఫాంలకి నంబరు గుడ్డముక్కలు పిన్నులతో గుచ్చుతున్నాడు.

"వారంలో రెండు రోజులేనండీ. ఆ రెండు రోజులే నా ప్రాణం తీస్తున్నాయి" అంది.

"ఏ రెండు?"

"మంగళవారం, ఆదివారం."

ఆయన తలెత్తలేదు. "మంగళవారం ఫౌండ్రీల పేటంతా సెలవు కదా. ఆదివారం అక్కడ కొలుములు గట్టిగా మండుతాయి" అన్నాడు.

ఆవిడ మూట మీద ముందుకు జరిగింది. "ఏమన్నారు?"

"అందుకేగా సోమవారం సాయంత్రం ఈ మూటలన్నీ వస్తాయి. సెలవు రోజు ఉతికి బుధవారం పొద్దునకల్లా ఇచ్చేయాలి." ఇందులో వింతేముందన్నట్టు ఇంకో పిన్ను తీసుకున్నాడు.

వింతంతా అందులోనే ఉంది. కింది అంతస్తులో ఒక పట్టిక ఉంది. ఊళ్ళో ఏ పేట నుంచి ఏ రోజు, ఏ గంటకి ఎంత పొగ లేస్తుందో అందులో ఉంటుంది, జంట ఆ పట్టికనే తింటుంది. ఆ పట్టికలో ఆదివారం ఊరు ఊరంతా సెలవు. రాసినవాళ్ళు ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళు. సరిచూసిన నలుగురూ ఆదివారం తొమ్మిదిదాకా ముసుగుతన్ని పడుకునేవాళ్ళు. అందులో ఒకరు మన మెట్లావిడే. లోకమంతా తమతోపాటే పడుకుంటుందని అందరికీ గట్టి నమ్మకం. అందుకే సెలవని కొలుములార్పిన మంగళవారం జంట పొగ కక్కించింది, కొలుములు భగభగమండే ఆదివారం దాన్ని తుడిచేసింది. ఊరికే పొగ లెక్క తప్పితే ఒక ఎత్తు, జంట కదా, పొగతోపాటు ఎండా మంచూ గాలీ అన్నీ తప్పాయి.

పన్నెండేళ్ళుగా ప్రతి సోమవారం ఈ నీలం మూటలు ఆవిడ కళ్ళముందే దిగుతున్నాయి. ఇప్పుడు కూర్చున్నది కూడా వాటిలో ఒకదాని మీదే. ఆ సంగతి తెలిసొచ్చి ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది. కళ్ళనీళ్ళొచ్చేలా, పొట్ట పట్టుకుని, మూట మీదినుంచి జారి కిందపడేలా నవ్వింది. అత్తగారు లోపలినుంచి వచ్చి, కోడలికి మతి గానీ పోయిందా అని కొడుకుని అడిగింది. కొడుక్కీ తెలియలేదు.

పరీక్ష మధ్యలో ప్రోగ్రాం ముట్టుకోకూడదు. పట్టికలో తప్పుంటే మాత్రం, సాక్ష్యం చూపించి దిద్దుకోవచ్చు. మర్నాడు మంగళవారమే. ఆ రోజు సూచన ముందే వెళ్ళిపోయింది, అది ఎలాగూ ఓటమే. అయితేనేం, సాక్ష్యం దొరికే రోజు కూడా అదే. పొద్దున్నే లాండ్రీ ఆటోలో ముగ్గురూ బయలుదేరారు. అత్తగారిని ఎవరూ రమ్మనలేదు. అందరికంటే ముందు ఎక్కి, ఉతికిన బట్టల మధ్య సర్దుకుని కూర్చుంది ఆవిడే.

ఫౌండ్రీల పేటలో చీమ చిటుక్కుమంటే వినబడేట్టుంది. గొట్టాల మీద పావురాలు కూర్చున్నాయి. ప్రతి గేటుకీ తాళం, తాళం పక్కన రంగు వెలిసిన బోర్డు: వారపు సెలవు మంగళవారం. మెట్లావిడ గాలి గట్టిగా పీల్చి చూసింది. మసి వాసన లేదు. ఆనందం పట్టలేక నడివీధిలో భర్త చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పింది. పెద్దమనిషి, పాపం, చెప్పు జారిపోతున్నా తిరిగాడు. ఓ కాపలాదారు వచ్చి తనిఖీవాళ్ళా అని అడిగితే, "కాదు నాయనా, మా కోడలు పొగ లేదని సంతోషిస్తోంది" అని అత్తగారు సర్దిచెప్పింది. మొత్తం ముప్పైనాలుగు గేట్లకి ఫొటోలు తీశారు. ఫొటో అనగానే అది తనకే అనుకుందేమో, అత్తగారు ప్రతి గేటు ముందూ వెళ్ళి, కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడింది. వద్దని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

మధ్యాహ్నం తూకం మేడమ్ ఆ ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసింది. బోర్డు మీది రంగు ఎన్నేళ్ళనాటిదో అంచనా వేస్తున్నట్టు కళ్ళద్దాలు పైకి జరుపుకుంది.

"అన్ని ఫొటోల్లోనూ ఉన్న ఈ పెద్దావిడ ఎవరు?"

"సాక్షి, మేడమ్."

తూకం మేడమ్ నవ్వలేదు. సంతకం మాత్రం పెట్టింది. పట్టికలో రెండు వరసలు అటుదిటు ఇటుదటు మారాయి. ఆరేళ్ళ పని, వారం రోజుల వెతుకులాట, చివరికి దిద్దడానికి పట్టింది రెండు నిమిషాలు.

మంగళవారం ఓటమితో లెక్క ఆరూ తొమ్మిది. బుధ, గురు, శుక్రవారాలు జంట గెలిచింది. తొమ్మిదీ తొమ్మిది. శనివారం గాలి వీచి మంచే పట్టలేదు. మిగిలింది ఒక్క ఆదివారం. ఆ రోజుకి పాత పద్ధతి ఎనిమిది గంటలంది. జంట పదకొండంది.

ఆ ఆదివారమే హోటలుకి మూడువందల దుప్పట్లు సాయంత్రానికల్లా ఇవ్వాలి. తెల్లారేసరికి ఉతికి, పిండి, గంపల్లో పెట్టి ఉన్నాయి. ఎనిమిదికి ఆరేస్తే తీరుబడిగా ఆరతాయి. పదకొండుకైతే బొటాబొటీ. మంచులో ఆరేసి మసి పట్టిందంటే మళ్ళీ మొదటికి. భర్త ఎప్పటిలాగే అడిగాడు, ఆరేయనా అని. మెట్లావిడ ఈసారి శాతాలు చెప్పలేదు.

"పదకొండుకి" అంది.

"సరే" అన్నాడు. ఆవిడ డాబా ఎక్కేసింది, ఆయన గుమ్మం దాటడం చూడటం ఇష్టంలేక.

ఏడింటికి పక్కింటి నీళ్ళ ట్యాంకు కూడా కనబడటంలేదు. ఆవిడ దండేల మధ్య అటూ ఇటూ పచార్లు చేసింది. ఏడున్నర. ఏడూ ముప్పావు. సరిగ్గా ఎనిమిదికి తెల్లదనం పలచబడి, ట్యాంకు అంచు తేలి, దాని వెనక సూర్యుడు కనబడ్డాడు. చుట్టుపక్కల డాబాల మీద ఆడవాళ్ళు బట్టలు దులిపి ఆరేయడం మొదలుపెట్టారు. అత్తగారు మెట్లెక్కి వచ్చి, ఏమీ అనకుండా సూర్యుడికేసి చూసి, కోడలికేసి చూసింది. అనేసినా బాగుండేది.

ఆవిడ దడదడా మెట్లు దిగింది. ఆయన గంపల పక్కన ముక్కాలిపీట వేసుకుని, విరిగిన క్లిప్పులు ఏరుతున్నాడు.

"ఆరేసేయండి. నా లెక్క తప్పినట్టుంది. నావల్ల మీ పని పాడుచేసుకోకండి."

"పదకొండన్నావుగా."

"ఎండొచ్చిందండీ. ఒకసారి పైకొచ్చి మీరే చూడండి."

"నేను చూసేదేముంది? నువ్వు లెక్కగట్టావు కదా" అన్నాడు. ఏరిన క్లిప్పులు డబ్బాలో వేసి మూత పెట్టాడు.

ఆవిడ అక్కడే నిలబడిపోయింది. ఈ మనిషి పొద్దుటినుంచీ గుమ్మం దాటలేదు. పన్నెండేళ్ళుగా ఏ రోజూ మానని పని ఇవాళ మానేశాడు. తను ఆరేళ్ళు నెత్తినెత్తుకున్న లెక్కని తనే వదిలేస్తుంటే, ఈయన పట్టుకు కూర్చున్నాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేస్తుంటే మళ్ళీ పైకి పరిగెత్తింది.

ఎనిమిదీ పావుకి ట్యాంకు మళ్ళీ మాయమైంది. సూర్యుడు మాసిపోయాడు. ఫౌండ్రీల పేటవైపు నుంచి కాలిన ఇనుము వాసనతో మంచు దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నట్టు చిక్కబడింది. పక్క డాబాల మీద ఆరేసినవాళ్ళు మసిచుక్కలు దులుపుకుంటూ, తీసుకుంటూ, శాపనార్థాలు మొదలుపెట్టారు. కింద వీధిలో హారన్లు, తిట్లు. ఊరంతా ఆ మంచుని ఆడిపోసుకుంటుంటే, ఒక్క డాబా మీద మాత్రం నలభై ఏడేళ్ళ ఇల్లాలు ఒకతె దగ్గుతూ, నవ్వుతూ, ఖాళీ దండేల కింద వంగి వంగి గంతులేస్తోంది. పొగ పట్టిందని సంతోషించడం పాపమేనని ఆవిడకీ తెలుసు. రేపటినుంచి ఈ కబురు ముందే అందుతుంది, ఊపిరాడని వాళ్ళు తలుపులేసుకుని కూర్చుంటారు, అదీ ఆవిడకి తెలుసు. అయినా కాళ్ళు నేల మీద నిలవడంలేదు.

పదిన్నరకి మబ్బుల బాబాయ్ ఫోన్ చేశాడు. గొంతులో మేలం లేదు. "అమ్మా, బట్టలు ఎప్పుడు ఆరేయమంటావు? మీ పిన్ని నన్నడిగితే ఎనిమిదన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటంలేదు."

"పదకొండు, బాబాయ్" అంది మెట్లావిడ.

పది యాభైకి గాలి లేచింది. దండేలు ఒకదాని తరవాత ఒకటి సన్నగా ఊగాయి. ట్యాంకు, దాని వెనక మేడ, మేడ వెనక రోడ్డు, వరసగా అన్నీ బయటపడ్డాయి. ఫోన్ మోగింది. తూకం మేడమ్ సందేశం: మంచు విడిన సమయం పది యాభైరెండు, జంటకి తేడా ఎనిమిది నిమిషాలు, తుది లెక్క పదీ తొమ్మిది. ఆవిడ ఇంకా అది చదువుతుండగానే రెండోది వచ్చింది. సాక్షి గారికి నా నమస్కారాలు చెప్పండి, అని. మెట్లావిడ అత్తగారిని పట్టుకుని గాల్లోకి ఎత్తబోయింది. ఎత్తలేక ఇద్దరూ గంప మీద పడ్డారు.

సరిగ్గా పదకొండుకి భర్త మొదటి తడి గంప మోసుకుంటూ డాబా ఎక్కాడు. గెలిచానని చెప్పింది. తెలుసన్నట్టు తలూపాడు. గంప దించి, మొదటి దుప్పటి తీసి, ఒక్క విదిలింపు విదిలించి దండెం మీద వేశాడు. ఆవిడ ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. ఇప్పుడైనా తలెత్తుతాడేమో, అలవాటు కొద్దీ ఒక్కసారైనా పైకి చూస్తాడేమో అని. ఆయన వంగి రెండోది తీశాడు, తరవాత మూడోది. ఆకాశంకేసి చూడలేదు.

"ఆ చివర పట్టుకో" అన్నాడు.

ఆవిడ పట్టుకుంది.